ఓట్స్ స్మూతీ తాగిన రెండు గంటలకే ఆకలి. తప్పు నాదా, ఓట్స్‌దా?

పొద్దున్నే_ఆకలి
నెల రోజులుగా పొద్దున టిఫిన్ మానేసి ఓట్స్ స్మూతీ తాగుతున్నాను. ఎక్కడ చదివినా మధ్యాహ్నం దాకా ఆకలి ఊసే ఉండదు అని రాస్తారు. నాకేమో ఎనిమిదింటికి తాగితే పదింటికల్లా కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి, పదిన్నరకి చెయ్యి దానంతటదే బిస్కెట్ డబ్బాలోకి వెళ్తోంది. నేను వేసేవి ఇవీ: రెండు చెంచాల ఓట్స్, ఒక అరటిపండు, సగం ఆపిల్, ఒక గ్లాసు బాదం పాలు, ఒక పెద్ద చెంచా తేనె. అన్నీ మిక్సీలో వేసి తిప్పేసి, నిలబడే తాగేసి వెళ్లిపోతా. ఓట్స్ నాకు పడట్లేదా, లేక రెండు గ్లాసులు తాగాలా?

గ్రాముల_లెక్క
రెండు చెంచాలంటే ఎన్ని గ్రాములు?

పొద్దున్నే_ఆకలి
చెంచాతో తీసి వేయడమే. తూచడం ఏంటండీ, ఇదేమన్నా బంగారమా?

గ్రాముల_లెక్క
బంగారం కాదు గనకే ఎవరూ తూచరు, చిక్కంతా అక్కడే. చెంచా తలకొట్టి తీస్తే ఓట్స్ అయిదారు గ్రాములే వస్తాయి, రెండు చెంచాలంటే 12 గ్రాములు అనుకోండి. అందులో ప్రొటీన్ గ్రామున్నర. బాదం పాలు గ్లాసుకి ఒక గ్రాము, ఎందుకంటే అందులో ఎక్కువ భాగం నీళ్లే. అరటిపండు గ్రాము పైచిలుకు, ఆపిల్, తేనె సున్నా. మొత్తం కలిపితే 4 గ్రాములు. కేలరీలు 300 దాకా వస్తాయి, చక్కెర మాత్రం అరటిపండులో 14, తేనెలో 17, సగం ఆపిల్‌లో ఓ 10, అంటే 40 గ్రాముల దగ్గర. మీరు తాగుతున్నది ఓట్స్ స్మూతీ కాదండీ, ఓట్స్ చల్లిన పండ్ల రసం.

రెండో_గ్లాసు
"ఓట్స్ చల్లిన" 😂 పాపం నెల రోజుల నుంచి తాగుతున్నాడు

జిమ్_బాబాయ్
లెక్క కరెక్ట్. పొద్దున 20 నుంచి 30 గ్రాముల ప్రొటీన్ లోపలికి వెళ్తే గానీ ఆ ఆకలి ఆగదు. ఒక స్కూపు వే పౌడర్, అదే పాల నుంచి తీసిన ప్రొటీన్ పొడి, వెయ్యి తమ్ముడూ, 30 గ్రాముల స్కూపులో 22-25 దాకా ప్రొటీన్ ఉంటుంది, కథ ముగిసింది.

గడ్డపెరుగు
వచ్చేశాడు బాబాయ్ స్కూపు పట్టుకుని. పౌడర్ లేకుండా ఏ సమస్యా తీరదా?

జిమ్_బాబాయ్
తీరుతుంది, కాకపోతే మూడు గిన్నెలు కడగాలి. పౌడర్ అయితే ఒక్క స్కూపు.

చెంచాతో_తింటా
ప్రొటీన్ సంగతి సరే, అసలు తాగడమే తప్పు అంటాను. అదే ఓట్స్, అదే పాలు, అదే అరటిపండు గిన్నెలో వేసుకుని నమిలి తినండి, ఒంటిగంట దాకా కదలరు. మిక్సీలో వేసి గటగటా తాగితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, తిన్నామన్న సంగతి ఒంటికి తెలిసేలోపే గ్లాసు ఖాళీ. ద్రవంగా తీసుకున్న కేలరీలు ఘనాహారమంత తృప్తి ఇవ్వవని చాలా పరిశోధనల్లో తేలింది. నేను రెండేళ్లు స్మూతీలు తాగి మానేశా.

పాలపుంత
ద్రవాలన్నీ ఒకటి కాదండీ. నీళ్లలా ఉన్న జ్యూస్ వేరు, చెంచా నిలబడేంత చిక్కటి స్మూతీ వేరు. చిక్కదనం పెరిగే కొద్దీ కడుపు నిండిన భావన పెరుగుతుంది, ఇదీ పరిశోధనల్లో వచ్చినదే. ఓట్స్ పని ఇక్కడే. అందులో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది, నీళ్లు పీల్చుకుని జిగురుగా మారేది అదే. కడుపులో ఆ జిగురు తిండిని నెమ్మదిగా కదిలేలా చేస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని ప్యాకెట్ల మీద రాసేదీ దీని గురించే. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ లెక్క మీద అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే ఆ మాట వాడుకోనిచ్చింది. 40 గ్రాముల ఓట్స్‌లో అది ఒకటిన్నర గ్రాముల చుట్టూ ఉంటుంది. ఈయన వేసే 12 గ్రాముల్లో అర గ్రామే. మరి ఆకలి ఎలా ఆగుతుంది?

పొద్దున్నే_ఆకలి
అంటే ఓట్స్ తప్పు కాదు, నా పిసినారితనం తప్పు. మరి 40 గ్రాములు వేస్తే గరుకుగా, పలుకులు పలుకులుగా ఉండదా? రెండు చెంచాలకే గొంతులో తగులుతున్నాయి.

మిక్సీ_మోత
ఓట్స్ ఒక్కటే ముందు పొడి జార్‌లో వేసి పిండిలా చేసుకో. తర్వాత పాలు పోసి మిగతావి వెయ్యి. పలుకు అనేదే ఉండదు. నేను ఆదివారం నాడే వారానికి సరిపడా పొడి చేసి డబ్బాలో పోసుకుంటా, ఎందుకంటే పొద్దున ఆరింటికి మా మిక్సీ మొదలైతే ఇల్లంతా లేచి నా మీద పడుతుంది.

నురగ_నవ్వు
పొడి చేస్తే బంక అవుతుంది. రాత్రే పాలలో నానబెట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున ముప్పై సెకన్లు తిప్పితే చాలు, మెత్తగా వస్తుంది.

మిక్సీ_మోత
నానబెడితేనే బంక. నా పొడి పద్ధతిలో పోసిన అయిదు నిమిషాల్లో తాగేయొచ్చు.

నురగ_నవ్వు
అయిదు నిమిషాల్లో తాగేయకపోతే? పదో నిమిషంలో గోడకి పోస్టర్ అంటించుకోవచ్చు.

పాలపుంత
ఇద్దరూ చెప్పేది ఒకే జిగురు గురించే. పొడి చేసినా, నానబెట్టినా బీటా గ్లూకాన్ నీళ్లలోకి వస్తుంది. దాన్ని సాగే బంకలా చేసేది అతిగా తిప్పడం. మూడు నిమిషాలు గిర్రున తిప్పితే ఏ పద్ధతైనా ఒకటే గతి. ఆపి ఆపి తిప్పండి, మొత్తం నిమిషం దాటనివ్వకండి. ఇంకో సంగతి, రోల్డ్ ఓట్స్, అంటే చదును చేసినవి, వాడండి. స్టీల్‌కట్ ఓట్స్ అంటే గింజను ముక్కలుగా కోసినవి, ఉడికించకుండా మిక్సీలో వేస్తే ఇసుక తాగినట్టే ఉంటుంది.

బద్ధకిష్టు
పచ్చి ఓట్స్ తాగితే ఏం కాదా? ఇంతమంది ఉడికించకుండా వేస్తున్నారు, నాకు చదువుతుంటేనే కడుపు నొప్పి వస్తోంది.

పాలపుంత
పచ్చివి కావు. పైపొట్టు తీశాక ఆవిరి పట్టి, ఆ తర్వాతే రోలర్ల కింద చదును చేస్తారు. ఆవిరి పట్టకపోతే ఓట్స్‌లోని కొవ్వు తొందరగా ముక్క వాసన పడుతుంది. అందుకే రోల్డ్ ఓట్స్ నేరుగా వేసుకోవచ్చు. కాకపోతే నానినవి కడుపుకి తేలిక.

గడ్డపెరుగు
పౌడర్ లేని నా పద్ధతి రాస్తా, బాబాయ్ చెవులు మూసుకోవచ్చు. వడకట్టిన గట్టి పెరుగు 150 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు, ఓట్స్ 40 గ్రాములు, ఒక అరటిపండు, ఒక పెద్ద చెంచా పీనట్ బటర్. కొనే గట్టి పెరుగులో 100 గ్రాములకి 9-10 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కాబట్టి పెరుగు నుంచి ఓ 14, పాల నుంచి 5, ఓట్స్ నుంచి 5, పీనట్ బటర్ నుంచి మూడున్నర, అరటిపండు నుంచి ఒకటి. 28 దాటింది. కేలరీలు 550 చుట్టూ. స్కూపు ముట్టుకోలేదు, గమనించగలరు.
మామూలు పెరుగైతే 100 గ్రాములకి మూడున్నరే. దాన్ని పలుచటి గుడ్డలో మూట కట్టి, ఫ్రిజ్‌లో గిన్నె మీద వేలాడేలా పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున విప్పితే గుడ్డ గీతలు అచ్చు పడి, కత్తితో కోస్తే ముక్కలా వస్తుంది. నీళ్లు దిగి బరువు సగమైతే, ప్రొటీన్ చాలావరకు గుడ్డలోనే ఉండిపోతుంది కాబట్టి గ్రాముకి దాదాపు రెట్టింపు అయినట్టే.

రెండో_గ్లాసు
ఆగండాగండి. ఆ కిందికి దిగిన నీళ్లే కదా వే అంటే? బాబాయ్ డబ్బాలో ఉండేది అదే కదా? అంటే ప్రొటీన్ అంతా గిన్నెలోకి పోయి, మీరు మిగిలింది తింటున్నారా?

జిమ్_బాబాయ్
హహ్హహ్హ, ఇది భలే ప్రశ్న. గడ్డపెరుగు గారూ సమాధానం చెప్పండి.

గడ్డపెరుగు
పేరు ఒకటే, సరుకు వేరు. పౌడర్‌కి వాడే వే ఛీజ్ తయారీలో విడిపోయే నీళ్ల నుంచి వస్తుంది. అక్కడ పాలని అంత వేడి చేయరు, కాబట్టి వే ప్రొటీన్లు ఆ నీళ్లలోనే ఉండిపోతాయి. పెరుగుకి మనం పాలు బాగా మరిగిస్తాం కదా, ఆ వేడికి వే ప్రొటీన్లు పాలలోని ఇంకో ప్రొటీన్ కేసీన్‌ని అంటుకుని గడ్డలోనే చిక్కుకుంటాయి. గుడ్డ కింద దిగే ఆ పసుపుపచ్చ పుల్లటి నీళ్లలో ఎక్కువగా ఉండేవి లాక్టోజ్ అనే పాల చక్కెర, లవణాలు, కాస్త ప్రొటీన్. నేను వాటిని పారబోయను, ఆ నీళ్లలోనే ఓట్స్ నానబెడతా.

జిమ్_బాబాయ్
ఒప్పుకుంటున్నా, ఇది నాకు తెలీదు. అయినా స్కూపు స్కూపే.

పాలు_పడవు
పౌడర్ వేయమని చెప్పే ముందు ఎవరికి ఏది పడుతుందో కూడా చూడాలి. నేను ఒక డబ్బా కొని మొదటి వారమే నరకం చూశా. తాగిన గంటకి పొట్ట డోలులా ఉబ్బేది, మీటింగ్‌లో కూర్చుంటే కడుపులోంచి వచ్చే శబ్దాలకి పక్కవాళ్లు తల తిప్పి చూసేవాళ్లు. ఓట్స్ వల్ల అనుకుని ఓట్స్ మానేశా, ఏం తేడా లేదు. తర్వాత తెలిసింది, నేను కొన్నది కాన్సెంట్రేట్ రకం వే, అందులో లాక్టోజ్ మిగిలి ఉంటుంది. లాక్టోజ్ దాదాపు తీసేసిన ఐసోలేట్ రకానికి మారితే ముప్పావు వంతు తగ్గింది. ఇప్పుడు పాలకి బదులు సోయా పాలు పోస్తున్నా, గ్లాసుకి 7-8 గ్రాముల ప్రొటీన్, ఆవు పాలతో సమానం. మొక్కల పాలన్నీ ఒకటే అనుకుని బాదం పాలు పోసుకునే ప్రశ్నకర్త గారు ఇది గమనించాలి.

పొద్దున్నే_ఆకలి
గమనించాను మేడం. బాదం పాలు ఇంకో రెండు ప్యాకెట్లు ఉన్నాయి, కాఫీలో పోసుకుంటా.

గ్రాముల_లెక్క
డబ్బా వెనక పదార్థాల వరస కూడా చూడండి. కొన్నింట్లో గమ్‌లు, తీపి కోసం కలిపేవి ఉంటాయి, కొందరికి ఉబ్బరం వాటి వల్ల కూడా వస్తుంది. ఒక స్కూపుకి ప్రొటీన్ ఎంత అనేది స్కూపు బరువుతో కలిపి చూడాలి. 30 గ్రాముల్లో 24 ఉంటే బాగున్నట్టు. 40 గ్రాముల స్కూపులో 20 ఉంటే సగం ఇంకేదో తాగుతున్నట్టు.

చెంచాతో_తింటా
పీచు సంగతి కూడా చెప్పండి. అలవాటు లేనివాళ్లు ఒక్కసారిగా ఓట్స్, చియా, అవిసె గింజలు అన్నీ వేసుకుంటే పౌడర్ అక్కర్లేకుండానే ఉబ్బుతుంది. వారం వారం కొంచెం పెంచాలి.

కోడిగుడ్డు_కింగ్
ఇంత చర్చ ఎందుకు, రెండు పచ్చి గుడ్లు కొట్టి పోసి తిప్పేయండి. 12 గ్రాముల ప్రొటీన్, రుచి కూడా తెలీదు.

పాలపుంత
వద్దు. కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బాక్టీరియా భయం ఒకటి. రెండోది, పచ్చి గుడ్డు ప్రొటీన్ ఒంటికి సగమే పడుతుంది. 1998లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో ఉడికిన గుడ్డు ప్రొటీన్ 91 శాతం జీర్ణమైతే, పచ్చిది 51 శాతమే అయింది. మీ 12 గ్రాముల్లో ఆరే మీకు, మిగతా ఆరు ఎవరికో.

కోడిగుడ్డు_కింగ్
పదేళ్లుగా తాగుతున్నా నాకేం కాలేదు

రెండో_గ్లాసు
కింగ్ గారు కాబట్టి

గడ్డపెరుగు
గుడ్డు కావాలంటే ఉడకబెట్టి పక్కన పెట్టుకుని తినండి. నమలడం కూడా జరుగుతుంది, చెంచాతో_తింటా గారు కూడా సంతోషిస్తారు.

చెంచాతో_తింటా
సంతోషించాను.

నురగ_నవ్వు
నా అనుభవం ఒకటి. కివి బావుంటుందని ఒకటి కోసి పెరుగు, పాలు, ఓట్స్‌తో తిప్పి సీసాలో పోసి ఆఫీసుకి తీసుకెళ్లా. పదకొండింటికి ఒక గుక్క తాగితే చేదు. మామూలు చేదు కాదు, మందుబిళ్ల చప్పరించినట్టు. పాలు పాడయ్యాయనుకుని పారబోశా. మర్నాడు కొత్త పాలు, మళ్లీ అదే. రెండు రోజులు పాల మీద నింద వేశా, పాపం.

పాలపుంత
కివిలో ఆక్టినిడిన్ అనే ఎంజైమ్ ఉంటుంది, పాల ప్రొటీన్లని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలే చేదు. పచ్చి అనాసలో బ్రొమెలైన్, బొప్పాయిలో పపైన్ చేసేదీ ఇదే. వెంటనే తాగేస్తే తెలీదు, మూడు గంటలు ఉంచితే తెలుస్తుంది. డబ్బాలో వచ్చే అనాసని వేడి చేస్తారు కాబట్టి దాంతో ఈ గొడవ లేదు.

బద్ధకిష్టు
బెర్రీలతో అరటిపండు కలపకూడదు అని కూడా ఎక్కడో చూశా. నిజమా లేక భయపెట్టడమా?

గ్రాముల_లెక్క
సగం సగం. 2023లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, అరటిపండు కలిపిన స్మూతీ తాగిన వాళ్ల ఒంట్లో ఫ్లావనాల్స్ అనే, బెర్రీల్లో ఉండే మేలుచేసే పదార్థాలు 84 శాతం తక్కువగా కనిపించాయి. అరటిపండుని నల్లబరిచే ఎంజైమ్ ఉంది కదా, పని దానిదే. బెర్రీల్లో ఆ పదార్థాల కోసమే తాగేవాళ్లకి అది లెక్క. మన ప్రశ్నకర్తకి కావలసింది పన్నెండింటి దాకా ఆకలి వేయకపోవడం, ఆయన నిశ్చింతగా అరటిపండు వేసుకోవచ్చు.

మిక్సీ_మోత
అరటిపండు ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టండి. ఐసు వేస్తే కరిగి పలచబడుతుంది, గడ్డ కట్టిన అరటిపండు అయితే ఐస్‌క్రీమ్‌లా చిక్కగా వస్తుంది. తేనె అక్కర్లేదు, మచ్చలు పడ్డ పండు అయితే తీపి సరిపోతుంది. మరీ కావాలంటే ఒక ఖర్జూరం. జార్‌లో ముందు పాలు పోయండి, తర్వాత పొడులు, గట్టివి చివర. అడుగున పొడి వేసి పైన పాలు పోస్తే బ్లేడు కింద ముద్ద కట్టి, చెంచాతో గోకుతూ కూర్చోవాలి.

జిమ్_బాబాయ్
పౌడర్ మాత్రం అన్నిటికంటే చివర, పది సెకన్లు చాలు. ముందే వేసి తిప్పితే గ్లాసులో సగం నురగే. వే నురగ అలాంటిలాంటిది కాదు, మూతి మీద మీసం వస్తుంది.

ఆవిరి_మూత
చలిగా ఉంది కదా అని వేడి వేడి పాలు పోసి మూత బిగించి మిక్సీ ఆన్ చేశా. మూత ఎగిరి, ఓట్స్ పాలు సీలింగ్ ఫ్యాన్ దాకా. చెయ్యి కాలింది. ఫ్యాన్ రెక్కల మీద ఎండిన ఓట్స్ గీకడానికి ఒక ఆదివారం పోయింది. గోరువెచ్చగా మించి పోయకండి, ఎవరు చెప్పినా సరే.

రెండో_గ్లాసు
మీరు ఆవిరి_మూత అని పేరు పెట్టుకున్న కథ ఇదన్నమాట

అవిసె_చేను
అవిసె గింజలు వేసేవాళ్లు పొడి చేసే వేయాలి. గింజ గింజగా వేస్తే ఎలా వెళ్లాయో అలాగే బయటికి వస్తాయి, వివరంగా చెప్పను. చియాకి ఆ ఇబ్బంది లేదు, కానీ అది తన బరువుకి పది రెట్లు దాకా నీళ్లు పీలుస్తుంది, ఒక చెంచా దాటితే గ్లాసులో జెల్లీ.

పాలు_పడవు
కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ఈ ప్రొటీన్ లెక్కలు చూసి వేసేసుకోవద్దు, డాక్టర్ని అడిగాకే. గ్లూటెన్ పడనివాళ్లు ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉన్న ఓట్స్ చూసుకోవాలి. ఓట్స్‌లో గోధుమ గ్లూటెన్ ఉండదు గానీ పొలంలో, మిల్లులో గోధుమలు కలుస్తాయి.

పొద్దున్నే_ఆకలి
వారం తర్వాత వచ్చా. జరిగింది జరిగినట్టు చెప్తా. మొదటి రోజు అందరి మాటా విన్నాను, అదే నా పొరపాటు. 40 గ్రాముల ఓట్స్, పౌడర్, పీనట్ బటర్, చియా రెండు చెంచాలు, అవిసె పొడి, గట్టి పెరుగు అన్నీ ఒకే జార్‌లో. మిక్సీ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. గ్లాసు తలకిందులు చేసినా కింద పడలేదు. చెంచాతో తిన్నా. సాయంత్రం దాకా ఆకలి కాదు, ఊపిరి కూడా సరిగా ఆడలేదు.

చెంచాతో_తింటా
చెంచాతో తిన్నారు కదా, అదే నేను చెప్పింది 😄

పొద్దున్నే_ఆకలి
రెండో రోజు నుంచి తగ్గించా. ఇప్పుడు నడుస్తున్నది: ఓట్స్ 40 గ్రాములు (అవును, తూకం కొన్నాను, నవ్వకండి), 200 మిల్లీలీటర్ల పాలు, రాత్రే నానబెట్టి ఫ్రిజ్‌లో. పొద్దున సగం గడ్డ కట్టిన అరటిపండు, ఒక చెంచా పీనట్ బటర్, ముప్పై సెకన్లు. చివర సగం స్కూపు, పది సెకన్లు. తేనె లేదు. కూర్చుని పది నిమిషాలు పట్టేలా తాగుతున్నా, అదే అన్నిటికంటే కష్టంగా ఉంది. నిన్న పన్నెండున్నరకి ఆకలేసింది. బిస్కెట్ డబ్బా నాలుగు రోజులుగా తెరవలేదు.

గ్రాముల_లెక్క
ప్రొటీన్ 26-27 వస్తుంది, కేలరీలు 450 పైన. సగం స్కూపుతో సరిపోయింది చూశారా బాబాయ్.

జిమ్_బాబాయ్
సగమైనా స్కూపే కదా, గెలుపు నాదే.

గడ్డపెరుగు
ఆ సగం స్థానంలో పెరుగు పెట్టి ఒక్క వారం చూడండి, అప్పుడు మాట్లాడదాం.

పొద్దున్నే_ఆకలి
చూస్తా. ఇప్పుడు నా అసలు బాధ వేరే. జార్ కడగకుండా సింక్‌లో పడేసి వెళ్తే సాయంత్రానికి ఓట్స్ సిమెంట్‌లా పట్టేస్తోంది. బ్లేడు కింద గోకుతుంటే వేలు తెగింది.

మిక్సీ_మోత
పోసుకున్న వెంటనే జార్‌లో సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు వేసి మూత పెట్టి పది సెకన్లు తిప్పి వొంపెయ్యి. వేడి నీళ్లు వద్దు, ఓట్స్ ఇంకా బంకవుతుంది, పైగా మూత సంగతి తెలుసు కదా.

ఆవిరి_మూత
తెలుసు.